తడి బియ్యం

దేవుడితో బేరమాడటం మా కుటుంబానికి కొత్త కాదు. బరంపురంలో తరతరాలుగా అప్పడాలూ వడియాలూ అమ్ముకుని బతుకుతున్నవాళ్ళం. ఎదుటివాడు సాక్షాత్తూ శ్రీనివాసుడైనా కాస్త తగ్గించి అడగకుండా ఉండలేం. మా ఆయన కాశీవిశ్వనాథం బతికున్నన్నాళ్ళూ తలనొప్పికి కొబ్బరికాయ, జ్వరానికి పొర్లుదండాలు అని లెక్క పెట్టుకున్నారు. ఆయన పోయాక ఆ వ్యవహారం నా నెత్తిన పడింది. మా శివరామ్ గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, దాన్ని మార్చాలని విశాఖపట్నంలో డాక్టరు చెప్పిన రోజు ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి మొక్కేశాను. నా కొడుకు గుండె బాగుచెయ్యి స్వామీ, శ్రావణ శనివారం నాడు వాడి కూతురిచేత ఏడిళ్ళు భిక్ష ఎత్తిస్తాను అన్నాను.

నేనే ఎత్తుతానని ఎందుకనలేదంటే, ఆ క్షణాన కూడా నా మోకాళ్ళు నాకు గుర్తున్నాయి. వ్యాపారస్తుల బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ కూతురు దివ్యశ్రీ. పదేళ్ళది. ఒక్కగానొక్క పిల్ల కావడంతో ఇంట్లో దాని మాటకి ఎదురు లేదు. ఈ ఏడు ఆషాఢం చివర పట్టుకున్న వాన శ్రావణంలోకి వచ్చినా వదల్లేదు. ఎండ లేకపోతే అప్పడం ఆరదు, ఆరని అప్పడం రెండో రోజుకే బూజు పడుతుంది. అందుకని మళ్ళీ కబురు పెట్టేదాకా రావద్దని అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళకి చెప్పేశాను. ఏటా వానాకాలంలో జరిగేదే. ఎండ కాసే రోజుల్లో డాబా మీద పాతచీరలు పరిచి అప్పడాలు ఆరబెడతాం, పిల్ల అటువైపు వస్తే కాళ్ళు విరగ్గొడతానంటాను. ఇప్పుడు డాబా మొత్తం దాని రాజ్యం అయిపోయింది. వాన వెలిసిన కాసేపట్లోనే తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసేది, మళ్ళీ చినుకు పడితే నవ్వుకుంటూ కిందకి పరిగెత్తేది. దసరాదాకా ఇలాగే కురిస్తే బాగుండునని నా మొహం మీదే అంది. నీ పెళ్ళికి అప్పడాలు బజార్లో కొనాల్సొస్తుందే అని కసిరాను. దానికి చీమ కుట్టినట్టైనా లేదు.

ఒత్తేవాళ్ళలో పెద్దది సీతాలు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో లంగా వోణీతో పనికి వచ్చింది, ఇప్పుడు దాని మనవలు బడికి వెళ్తున్నారు. దివ్య అంటే దానికి ప్రాణం. అప్పడాల పిండి ఉండని నూనెలో ముంచి, నేను చూడటం లేదనుకుని పిల్ల నోట్లో పెట్టేది. నేను చూసేదాన్ని. పచ్చిపిండి తింటే కడుపునొప్పి వస్తుందని అరవాల్సింది కూడా నేనే. కానీ చిన్నప్పుడు నేనూ అలా తిన్నదాన్నే కనక ఊరుకునేదాన్ని.

ఆపరేషన్ సోమవారం అన్నారు. శివరామ్, మా కోడలు అపర్ణ, ఆమె తమ్ముడు పూర్ణచంద్ర ఆదివారం బండికి వెళ్ళాలి. ముందే చెల్లిస్తే స్వామి మాట తప్పలేడని నా లెక్క, అంటే మొక్కు తీర్చడానికి మిగిలింది శనివారం ఒక్కటే. అపర్ణకి ఇష్టం లేదు. పిల్లచేత అడుక్కోవడం ఏమిటత్తయ్యా అని నెమ్మదిగా అంది. అది నెమ్మదిగా అన్నదంటే గట్టిగా అన్నట్టే. కానీ మొగుడి గుండె సంగతి కాబట్టి అంతకంటే అనలేకపోయింది. శివరామ్ మంచం మీంచి నవ్వుతూ, నా కోసం అడుక్కుతినే రోజొచ్చిందా తల్లీ అన్నాడు. దివ్య నవ్వలేదు. నేను బాగా అడుగుతాను, నువ్వు పడుకో నాన్నా అంది.

మా అత్తగారి దగ్గర నేర్చుకున్న నియమాలన్నీ దానికి చెప్పాను. మొదలుపెట్టిన వరసలో ఏ ఇల్లూ దాటకూడదు. భిక్ష చెంబులో పడకుండా గుమ్మం దిగకూడదు. వచ్చిన బియ్యం ఆ రోజే వండి, స్వామికి పెట్టి, నలుగురికీ పంచాలి. అది శ్రద్ధగా విని, ఎవరైనా ఒక్కరు పెట్టకపోతేనో అని అడిగింది. మొక్కు తీరనట్టే అన్నాను. తీరకపోతే ఏమవుతుందని అడిగింది. నేను దేవుడి గదిలోకి వెళ్ళి వత్తి సర్దడం మొదలుపెట్టాను. పిల్లలకి మనం చెప్పనివే బాగా అర్థమవుతాయి.

మా వీధిలో ఎత్తితే పని సులువే. కానీ అందరూ చుట్టాలూ, షావుకార్లూ. పళ్ళేల్లో బియ్యం, మీద బెల్లం, దాని మీద పువ్వు పెట్టి ఎదురొస్తారు. అది భిక్ష కాదు, పేరంటం. స్వామి ముందు తక్కువ తూకం నాకు నచ్చదు. అందుకని పిల్లకి మూడు నామాలు పెట్టి, పసుపుబట్ట కట్టి, చేతికి రాగిచెంబిచ్చి, మమ్మల్ని ఎవరూ ఎరగని చోటని రైలు పట్టాల అవతల ఉన్న సందులోకి తీసుకెళ్ళాను. దారిలో ఉన్న నీళ్ళ గుంటలన్నిట్లోనూ అది దూకింది. నామాలు కరిగిపోతాయే అని నేను గొడుగు పట్టుకుని వెనకాలే.

సందు మొదట్లో టీ కొట్టు ఉంది. దాని రేకుల చూరు కింద నేను నిలబడ్డాను. పెద్దవాళ్ళు పక్కనుంటే మొహమాటానికి పెడతారు, అది కూడా తప్పుతూకమే. మొదటి ఇంట్లో ఒక ఒడియా ముసలామె, కాహా ఝిఅ, ఎవరి పిల్లవి అని అడిగి, గెడ్డం పట్టుకుని ముద్దులాడి, దోసెడు ఉప్పుడు బియ్యం పోసింది. రెండో ఇంట్లో కుక్క మొరిగింది. దివ్య కదల్లేదు. గోవిందా అని మొదట దాని గొంతు దానికే వినపడలేదు గానీ నాలుగో ఇంటికి వచ్చేసరికి టీ కొట్టు దాకా వినిపించింది. ఒకరు సన్నబియ్యం, ఒకరు కోటా బియ్యం, ఒకరు రెండూ కలిపి పోశారు. ఇవన్నీ ఒక గిన్నెలో ఎలా ఉడుకుతాయో అని నేను అప్పుడే దిగులుపడటం మొదలుపెట్టాను. పిల్ల మాత్రం ప్రతి ఇంటి దగ్గరా వెనక్కి తిరిగి నాకు చెంబు ఎత్తి చూపించేది. అంత సంతోషంగా అడుక్కునేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

ఏడో ఇంటి తలుపు తీసింది సీతాలు.

నేను తెల్లబోయాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పనిచేసిన మనిషి ఇల్లు ఈ సందులో ఉందని నాకు తెలీదు. దివ్య నా వైపు తిరిగి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది, ఇదైతే మన సొంత ఇల్లే అన్నట్టు. సీతాలు కూడా బుగ్గలు నొక్కుకుని, నామాలు చూసి మురిసిపోయి, దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఏదో తినడానికి పెడుతోంది కాబోలు, ఉపవాసం అని చెప్పిందో లేదో ఈ పిల్ల అని నేను విసుక్కున్నాను. పెరటి వైపు నుంచి బయటికొచ్చి పక్కింట్లోకి వెళ్ళి, ఉత్తచేతులతో మళ్ళీ లోపలికి పోయింది సీతాలు. దివ్య గుమ్మంలోనే ఉంది. తరవాత సీతాలు వచ్చి రెండు చేతులతో చెంబులో పోసి, దాని కాళ్ళకి మొక్కింది.

పిల్ల ఈసారి నాకు చెంబు ఎత్తి చూపించలేదు. మెల్లిగా నడిచి వచ్చింది, గుంటలు తప్పించుకుంటూ.

చెంబులోకి తొంగిచూస్తే పైన బియ్యం తడిగా ఉన్నాయి. నీళ్ళు ఊరి కింద బియ్యంలోకి దిగుతున్నాయి. చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టుకోమన్నానా లేదా, వాన నీళ్ళన్నీ పట్టుకొచ్చావు అని కోప్పడ్డాను.

"వాన కాదు మామ్మా," అంది దివ్య. "సీతాలు పొయ్యి మీద ఎసరు పెట్టీసింది. బియ్యం కడిగీసి ఉంచింది. డబ్బా గీకుతుంటే సప్పుడు ఇనబడింది. డబ్బాలో ఏటీ లేవు. అందికే కడిగినవే వార్చి తెచ్చింది."

అది చెంబు వైపే చూస్తూ ఇంకా చెప్పింది. లోపల సీతాలు మనవలు ఇద్దరూ కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారట. చిన్నాడు, మామ్మా అవి మనవి కదా అన్నాడట. సీతాలు వాడి నోరు నొక్కేసిందట.

"నాను ఒద్దందామనుకున్నాను మామ్మా. నోటిదాకా వచ్చింది. నాన్న గుర్తొచ్చీడు. సెంబు పట్టీసేను."

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. పెద్దవాళ్ళు చెయ్యక తప్పని పని చేశాక ఉండేలాగా ఉంది దాని మొహం. పదేళ్ళ పిల్ల మొహానికి అది ఎక్కడి నుంచి వచ్చిందో.

దాన్ని అక్కడే కూర్చోబెట్టి సీతాలు ఇంటికి వెళ్ళాను. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. అందులో వెయ్యడానికి ఏమీ లేదు. నన్ను చూసి సీతాలు కంగారుగా పీట వేసింది. పని లేక ఎన్నాళ్ళయిందో దానికీ తెలుసు, నాకూ తెలుసు. కూతురు పిల్లల్ని ఇక్కడ దిగబెట్టి వెళ్ళిందట, నెల సగానికే కోటా బియ్యం అయిపోయాయట. కబురు చెయ్యొచ్చు కదే అన్నాను. ఇంట్లో బాబుకి అలాగుంటే నా గోలేటమ్మా మీకు అంది. సాయంత్రానికి బియ్యం బస్తా పంపిస్తాను, కాదనకు అన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చింది మీకు గాదమ్మా, సామికి. మీరు బస్తా తెచ్చి ఎడితే నాను ఆ గుప్పిడు అమ్ముకున్నట్టవదా? అప్పుడు మొక్కేటవుద్ది? సివరాం బాబుది గుండికాయ. సోమారం గడవనీయండి. బాబు బాగున్నాడని తెలిసేక నానే వొచ్చి అడుగుతాను."

నిజం చెప్పాలంటే, కాదనాలని నాకు లేదు. కొడుకు గుండె కోసి తెరవబోతున్నారని తెలిసిన తల్లిని. అది చెప్పింది తప్పయి ఉండొచ్చు, ఒప్పయి ఉండొచ్చు. తేల్చుకోవడానికి వాడి ప్రాణం పెట్టి చూడలేను. దాని పిల్లల ఆకలి నా మొక్కుకి పూచీ అయింది. తలొంచుకుని బయటికి వచ్చాను. పసిపిల్ల చెంబులో పట్టుకున్నదాన్నే, ఈసారి తెలిసి తెలిసి నేనూ తీసుకున్నాను.

సీతాలు బస్తా ఎందుకొద్దందో దారిలో దివ్యకి చెప్పాను. ఇంటికి వచ్చి బియ్యం పళ్ళెంలో పోస్తే, తడివి పొడివాటిలో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా అయ్యాయి. దివ్య వేళ్ళతో తడిమి తడిమి వేరుచెయ్యాలని చూసింది. కాసేపటికి వదిలేసి, ప్రసాదం పెడితే అమ్ముకున్నట్టు కాదు కదా మామ్మా అని అడిగింది. ప్రసాదానికి వెల ఉండదే అన్నాను. అనేసి, ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

బెల్లం, పెసరపప్పు, ఇంట్లో ఉన్న నెయ్యి అంతా వేసి పరమాన్నం వండాను. ఉప్పుడు బియ్యం పలుకుగానే ఉండిపోయాయి, సన్నబియ్యం జావ అయిపోయాయి. స్వామికి పెట్టాక శివరామ్ రెండు ముద్దలు తిన్నాడు. ఎత్తినవాళ్ళు తినాలి కదాని దివ్యకి పెట్టాను. నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. మింగు తల్లీ, నాన్న కోసం అన్నాను. మింగింది. ఆ తరవాత మళ్ళీ వానలో బయల్దేరి ఏడిళ్ళకీ ప్రసాదం పంచాం. ఆరిళ్ళకీ తలొక గరిటె. ఏడో ఇంట్లో గిన్నెతో సహా ఇచ్చేశాం. సీతాలు దణ్ణం పెట్టి తీసుకుంది, ప్రసాదాన్ని ఎవరూ కాదనకూడదు. పిల్లలు గిన్నె చుట్టూ చేరారు. దివ్య లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి, చిన్నాడు తింటుంటే చూసింది. తిరిగి వస్తుంటే, ఇది ఈపూటకేగా అంది. అవునన్నాను.

ఆదివారం శివరామ్ వాళ్ళు వెళ్ళారు. పిల్లకి తోడుగా నేను ఉండిపోయాను. ఆ రోజంతా వాన. అది డాబా ఎక్కలేదు. అన్నం దగ్గర కూర్చుంటే కంచం వైపు చూసి, సీతాలు వాళ్ళు ఏటి తింటున్నారో అని ఒకసారి అంది. నేను రేపొక్కరోజు ఆగమన్నాను. నాకు నేను చెప్పుకున్నదీ అదే.

సోమవారం మధ్యాహ్నం పూర్ణచంద్ర ఫోన్ చేశాడు. ఆపరేషన్ బాగా జరిగిందన్నాడు. కొత్త కవాటం చక్కగా ఆడుతోందట, రెండ్రోజుల్లో కూర్చోబెడతారట. కింద కూలబడి స్వామి వైపు చేతులెత్తి ఏడ్చేశాను. దివ్య నా పక్కన కూర్చుని, నా కళ్ళు తుడిచింది. నాన్నకి ఇంకేం కాదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది. నా మెడ చుట్టూ చేతులేసి నవ్వింది. ఆ నవ్వు అయ్యీ అవకముందే అడిగింది.

"అయితే ఇప్పుడు సీతాలుకి బియ్యం ఇవ్వొచ్చా మామ్మా?"

రిక్షాలో బియ్యం బస్తా, పప్పు, నూనె వేయించుకుని ఇద్దరం పట్టాలు దాటాం. దివ్య బస్తా మీద చెయ్యి వేసి కూర్చుంది. సందులోకి రాగానే రిక్షా ఆగకుండానే దిగి పరిగెత్తింది. నేను వెనకాల వెళ్ళేసరికి తలుపు ముందు నిలబడి ఉంది. తలుపుకి తాళం వేసి ఉంది.

ఒడియా ముసలామె వాళ్ళింటి అరుగు మీంచి చెప్పింది. సీతాలు నిన్న పొద్దున్నే మనవలిద్దర్నీ తీసుకుని సముద్రం ఒడ్డున సోనేపూర్‌లో తమ్ముడింటికి వెళ్ళిపోయిందట. అక్కడైనా వేటకెళ్ళే పడవలు ఆగిపోయే ఉంటాయి, కానీ నలుగురున్న ఇల్లు కనక పిల్లలకి ఏదో ఒకటి దొరుకుతుందని అనుకుందట. ఎండ కాస్తే వస్తానందట. వెళ్ళేముందు మా గిన్నె తోమి, ఎవరైనా వస్తే ఇమ్మని ఈమె దగ్గర పెట్టింది. ముసలామె గిన్నె తెచ్చి దివ్య చేతికిచ్చింది. తళతళలాడుతోంది.

బియ్యం ఆమె ఇంట్లో దింపించి, సీతాలు రాగానే ఇవ్వమని చెప్పాను. తిరిగి వస్తుంటే దివ్య గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ నాన్న బతికిన రోజది, నేను సంతోషంగానే ఉన్నాను, అదీ సంతోషంగానే ఉందని నాకు తెలుసు. అయినా మా ఇంటి వీధి మలుపు దగ్గర రిక్షా పరదా తొలగించి పైకి చూసి, ఎండ ఎప్పుడు కాస్తాది మామ్మా అని అడిగింది. నాకు తెలీదే అన్నాను.

మా ఇంట్లో తెల్లారగానే డాబా ఎక్కి గోపాల్‌పూర్ వైపు మబ్బు ఎలా ఉందో చూసేది ఎప్పుడూ నేనొక్కదాన్నే. మంగళవారం పొద్దున్న నేను మెట్లెక్కేసరికి, దివ్య అప్పటికే అక్కడ నిలబడి ఉంది.